పెద్దవాళ్ళకు వీలుగా ఇంటిని అమర్చడం ఎలా?

అనంతపురం పాతూరు వైపు పాత ఇళ్ళు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అవి కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు. వీధిలోంచి అరుగు మీదికి ఎత్తైన మెట్లు, కాలు బాగా ఎత్తితే తప్ప దాటలేని గడప, లోపల నున్నటి నల్లబండలు, దొడ్లో ఆ చివర మరుగుదొడ్డి. ఆ ఇంట్లోనే కాపురం చేసి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసిన అవ్వకు డెబ్బై దాటేసరికి అదే ఇల్లు బరువవుతుంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తుంది. మిద్దె ఎక్కడం మానేస్తుంది. పక్కింటికి పోయి కూర్చోవడం మానేస్తుంది. మనమేమో వయసు మీద పడింది అనుకుంటాం.

బంధువుల ఇళ్ళలో, మా వీధిలో ఇలాంటి ఇళ్ళను పెద్దవాళ్ళకు వీలుగా మార్చిపెట్టడం నాకు చాలా ఇష్టమైన పని. ఒక మనిషిని గమనించి, ఆ మనిషికి తగ్గ కొలత తీసి, చేయించి పెట్టిన పట్టీ (పట్టుకోవడానికి గోడకు బిగించే గొట్టం) ఒకటి సరిగ్గా ఆ చేతికి అందినప్పుడు కలిగే తృప్తి నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు. నా లెక్కలో ఈ పని సరిగ్గా కుదిరిందా లేదా అనడానికి గుర్తు ఒకటే: ఆ మనిషి ఇంకొకరిని పిలవాల్సిన అవసరం ఒకటైనా తగ్గిందా? "ఒరేయ్, ఎవరన్నా రండ్రా" అనే పిలుపు రోజుకు ఒక్కటి తగ్గినా పని కుదిరినట్టే. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆ గుర్తు పెట్టుకునే చేయాలి.

ముందు చూడండి, తర్వాతే కొనండి

చాలామంది ముందు అంగడికి పోతారు. వాకరు, కమోడ్ కుర్చీ, రబ్బరు చాపలు కొనుక్కొస్తారు. సగం అటక మీదికి పోతాయి. అంగడికి పోయే ముందు ఒక పూర్తి రోజు, తెల్లవారి లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా, ఆ మనిషి ఇంట్లో ఎలా తిరుగుతున్నారో చూడండి. పక్కనే నిలబడి చూస్తే వాళ్ళు జాగ్రత్తపడతారు, మామూలుగా నడవరు. ఏదో పని చేసుకుంటున్నట్టు ఉండి చూడాలి.

గోడలు చూడండి. ఇది నేను అన్నిటికంటే ముందు చేసే పని. సున్నం కొట్టిన గోడ మీద, తలుపు చెక్క మీద, ఫ్రిజ్ అంచు మీద చేయి ఆనించిన మరకలుంటాయి. ఆ మరక ఉన్నచోట ఆ మనిషికి ఊతం కావాలి. ఎంత ఎత్తులో కావాలో కూడా ఆ మరకే చెబుతుంది. ఏ కొలతల పుస్తకమూ ఇంత కచ్చితంగా చెప్పలేదు.

ఎక్కడ ఆగుతున్నారో చూడండి. వంటింటి నుంచి పడసాలలోకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే అక్కడ ఒక కుర్చీ ఉండాలి. వంగేముందు ఒక క్షణం ఆలోచిస్తుంటే అక్కడి వస్తువు పైకి రావాలి. రెండు చేతుల్లో ఏదైనా పట్టుకుని నడుస్తున్నారా అన్నది తప్పక చూడాల్సిన విషయం. చెంబు ఒక చేతిలో, పళ్ళెం ఇంకో చేతిలో ఉంటే గోడ పట్టుకోవడానికి చేయి మిగలదు.

తర్వాత మాట్లాడండి. "నీకేం కావాలవ్వా?" అని అడిగితే జవాబు అందరికీ తెలిసిందే: "నాకేం తక్కువ నాయనా, అన్నీ బాగానే ఉండాయి." పట్టుబట్టి అడిగితే, "ఏంటికి ఇదంతా, ఊరికే దుడ్లు ఖర్చు." ఆ ప్రశ్న వేయకండి. "ఈ మధ్య ఏం చేయడం మానేసినావు?" అని అడగండి. దీనికి నిజం చెబుతారు. మునక్కాయ చెట్టు దగ్గరికి పోవడం మానేశాను, తలస్నానం వారానికొకసారికి తెచ్చుకున్నాను, సంగటి కెలకడం కోడలికి వదిలేశాను అంటారు. మానేసిన పనుల్లో ఏది మళ్ళీ చేయాలని ఉందో అడగండి. మీ పని అక్కడి నుంచి మొదలవుతుంది. మా పెద్దమ్మ అడిగింది తులసికోటకు పొద్దున్నే తానే నీళ్ళు పోసుకోవాలని, అంతే. మేం అనుకున్న పెద్ద పెద్ద మార్పులన్నీ ఆ తర్వాతే చేశాం.

కొలతలు

దర్జీ ఎవరి చొక్కాకు వాళ్ళ కొలతే తీసుకున్నట్టు ఇక్కడా ఆ మనిషి ఒంటి కొలతలే తీసుకోవాలి. టేపు, నోటు పుస్తకం చాలు. నాలుగు కొలతలు తప్పనిసరి.

మొదటిది, కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా. మంచం, కుర్చీ, కమోడ్ ఎత్తులన్నీ దీన్నిబట్టే.

రెండోది, చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చేతులు వదిలేయమని, నేల నుంచి మణికట్టు మడత దాకా. చేతికర్ర పిడి ఈ ఎత్తులో ఉండాలి. గోడ పట్టీ దాదాపు ఈ ఎత్తులోనో కొంచెం పైనో ఉంటుంది. ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్న కర్రలు వాళ్ళకు పొడవెక్కువ. భుజం పైకి లేచి, నడిస్తే మెడ నొప్పి పుడుతుంది. కర్ర కొలిచి కింద కోయించడం నిమిషాల్లో అయ్యే పని. ఇంకొకటి, కర్ర నొప్పి ఉన్న కాలి వైపు చేతిలో కాదు, దానికి ఎదురు చేతిలో ఉండాలి. ఎడమ మోకాలు నొప్పయితే కర్ర కుడి చేతిలో.

మూడోది, చేయి కష్టం లేకుండా ఎంత పైకి అందుతుందో. నాలుగోది, వంగకుండా ఎంత కిందికి అందుతుందో. ఈ రెండింటి మధ్య ఉన్నదే వాళ్ళ ఇల్లు. రోజూ వాడే ప్రతి వస్తువూ ఆ మధ్యలోకి రావాలి.

రాత్రి దారి

మంచం నుంచి మరుగుదొడ్డి దాకా ఉన్న దారి మీద పెట్టినంత ఆలోచన ఇంట్లో ఇంకెక్కడా పెట్టనక్కర్లేదు. డబ్బు తక్కువైతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటి చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడానిదే. అలా చనిపోయేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ.

వెలుతురుతో మొదలుపెడదాం. అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. మనకు సరిపోయే జీరో బల్బు అవ్వకు చీకటితో సమానం. అలాగని పైకప్పున పెద్ద ట్యూబులైటు వేస్తే నిద్రకళ్ళకు ఒక్కసారిగా మిరుమిట్లు కొట్టి, ఆర్పేశాక ఏమీ కనిపించదు. వెలుతురు కిందుగా, నేల మీద పడేలా ఉండాలి. మోకాలి ఎత్తులో గోడకు చిన్న ఎల్ఈడీ లైట్లు, మంచం దగ్గర ఒకటి, మలుపులో ఒకటి, బాత్‌రూము తలుపు పక్కన ఒకటి పెట్టండి. మనిషి కదలగానే వెలిగే సెన్సార్ లైట్లు దొరుకుతున్నాయి, వీలైతే అవే మేలు. కరెంటు పోయినా కాసేపు వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి ఆ దారిలో ఉండాలి. పెద్ద లైటు స్విచ్చు పడుకున్నచోటి నుంచే చేతికి అందాలి.

మన జిల్లాల ఇళ్ళలో నేల సంగతి ప్రత్యేకంగా చూడాలి. తాడిపత్రి నల్లబండలు, బేతంచెర్ల బండలు, కడప బండలు పరిచిన ఇళ్ళే ఎక్కువ. ఎండాకాలంలో ఆ చల్లదనం ఎంత హాయో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ నునుపు పట్టిన బండ మీద నీళ్ళు పడితే, అందులో సబ్బు కలిస్తే, కాలు నిలవదు. నల్లబండ మీద పడిన నీళ్ళు కనిపించవు కూడా. బండలు తీసేయాల్సిన పని లేదు. బాత్‌రూములోనూ దాని వాకిట్లోనూ రాతిపని వాళ్ళతో ఉలి పెట్టించి పైభాగం గరుకు చేయిస్తే చాలు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గరుకు చేసిన బండ మీద అడుగున గాలి పట్టుతో అతుక్కునే చిన్న గిన్నెల్లాంటి బుడిపెలుండే రబ్బరు చాపలు అతుక్కోవు, జారిపోతాయి. కాబట్టి రెండూ కలపకండి, ఏదో ఒకటే. ఇవి సున్నపురాయి జాతి బండలు గనక యాసిడ్ పోసి కడగొద్దు, రాయిని తినేస్తుంది.

బాత్‌రూము ముందు వేసే గోనెపట్టా, పాత చీర మడత ఇవాళే తీసేయండి. అడుగున రబ్బరు ఉన్న కాలిపట్టా వేయండి. దారికి అడ్డంగా పోయే ఫ్యాన్ వైరు, సెల్‌ఫోన్ ఛార్జర్ తీగ గోడ వెంబడి కొట్టించండి. మంచం కింద నుంచి సగం బయటికి వచ్చే ట్రంకు పెట్టెను లోపలికి నెట్టండి.

మరుగుదొడ్డి దొడ్లోనే ఉండి, రాత్రి అంత దూరం పోవడం కుదరనప్పుడు గదిలో మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టడం మంచి పరిష్కారం. దీనికి చాలామంది సిగ్గుపడతారు, ఆ సిగ్గును గౌరవించాలి. ఒక మడత తెర కట్టండి. పొద్దున ఎవరు శుభ్రం చేస్తారో ముందే, అవ్వ లేనిచోట, ఇంట్లోవాళ్ళు మాట్లాడుకుని ఖాయం చేసుకోండి. ఆ మాట ఆమె చెవిన పడితే కుర్చీ వాడదు.

బాత్‌రూములో

కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టే కమోడ్ స్టూళ్ళు మెడికల్ షాపుల్లో ఉంటాయి. సీటు ఎత్తు 18 అంగుళాల చుట్టుపక్కల ఉంటే చాలామందికి సరిపోతుంది కానీ మీరు తీసిన మోకాలి కొలతతో సరిచూసుకోండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. కాళ్ళకు రబ్బరు తొడుగులు ఉన్నాయా, ఊపితే కదులుతుందా అని అంగట్లోనే కూర్చుని చూడండి.

పట్టుకునే పట్టీ గొట్టం మందం అంగుళంపావు నుంచి అంగుళంన్నర. గోడకూ గొట్టానికీ మధ్య అంగుళంన్నర నుంచి రెండంగుళాల సందు. అంతకంటే ఎక్కువైతే చేయి జారి సందులోకి పోయి ఇరుక్కుంటుంది. అంతకంటే తక్కువైతే వేళ్ళు చుట్టూ పట్టవు. పక్షవాతం వచ్చి ఒకవైపు బలహీనంగా ఉంటే లోపలికి పోయేటప్పుడు మంచి చేయి ఉన్నవైపు పట్టీ పెట్టి ఊరుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు అది చెడ్డ చేతి వైపు అవుతుంది. రెండు వైపులా ఉండాలి.

టవలు కడ్డీని పట్టీ అనుకుని వదిలేయకండి. అది మనిషి బరువు మోయదు. పడిపోయే మనిషి ముందు పట్టుకునేది దాన్నే, కాబట్టి అది ఊడిపోయేదైతే తీసేయడమే మంచిది.

స్నానానికి పీట వద్దు, ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు కావాలి. బకెట్టును కూడా ఇంకో చిన్న స్టూలు మీద పెట్టండి. అప్పుడు వంగకుండా చెంబు ముంచుకోవచ్చు. ఈ ఒక్క మార్పుకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు, పెద్దవాళ్ళు ఎక్కువ మెచ్చుకునేది కూడా దీన్నే. సబ్బును వల సంచిలో వేసి మేకుకు తగిలిస్తే జారి కింద పడదు. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల మనిషి పడితే లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతారు. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది ఉండాలి. హీటరు రాడ్డు బకెట్లో వేసే అలవాటు ఉంటే అది ఇంకొకరి చేతి పని చేయండి, లేదా ఎర్తు సరిగ్గా ఉన్న గీజరు పెట్టించండి.

గడప, మెట్లు

గడపను కోయించమని నేనెప్పుడూ చెప్పను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పండగ పండగకూ మొక్కిన గడప అది. దాన్ని కోస్తే అవ్వ మనసు నొచ్చుకుంటుంది. ఎత్తు తగ్గించాలంటే గడపకు రెండు వైపులా సగం ఎత్తు ఉండే వెడల్పాటి బండ ఒకటి పరిపించండి. ఒక పెద్ద అడుగు రెండు చిన్న అడుగులవుతుంది. పాదం మొత్తం పట్టేంత వెడల్పు ఉండాలి, కనీసం ఒక అడుగు. తలుపు చెక్కకు నిలువుగా ఒక పట్టీ బిగించండి. పసుపు నల్లబండ పక్కన బాగా కనిపిస్తుంది కాబట్టి గడపకు పసుపు తప్పకుండా రాస్తూ ఉండమని కోడళ్ళకు చెబుతుంటాను. ముసలికళ్ళకు అంచు తెలియడానికి అంతకంటే మంచిది లేదు. మెట్ల అంచులకు కూడా అలాగే పసుపుపచ్చ పెయింటు గీత రెండంగుళాల వెడల్పున వేయించండి.

చక్రాల కుర్చీ ఉంటే వాలు కావాలి. లెక్క తేలిక: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల అరుగైతే ఆరడుగుల వాలు. స్థలం లేదని మూడడుగుల్లో కుదించి పోస్తారు మేస్త్రీలు. దాని మీద కుర్చీ నెట్టడం కష్టం, దించడం ప్రమాదం. అంత స్థలం లేనప్పుడు, నడవగలిగే మనిషికి నిటారు వాలు కంటే చిన్న చిన్న మెట్లు, పక్కన కడ్డీ మేలు.

బయటి మెట్లకు స్టీలు కడ్డీ పెట్టిస్తే మన అనంతపురం ఎండకు మధ్యాహ్నం అది చేయి పెట్టనివ్వదు. దానికి నూలుతాడో నైలాన్ తాడో బిగువుగా చుట్టించండి. వేడీ తెలియదు, పట్టూ బాగుంటుంది.

మంచం, కుర్చీ

నులకమంచం మీద పడుకోవడం హాయిగా ఉండొచ్చు కానీ లేవడం కష్టం. నులక సాగితే నడుము గుంతలోకి దిగుతుంది. ముందు నులక బిగించండి. అంచున కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆని, తొడలు మోకాళ్ళ కంటే కొంచెం ఎత్తున ఉంటే లేవడం సులువు. ఎత్తు చాలకపోతే మంచం కోళ్ళ కింద వేపచెక్క దిమ్మలు పెట్టించండి. దిమ్మ పైన కోడు కూర్చునేంత గుంట తవ్వించాలి, లేకపోతే మంచం జరిగినప్పుడు పడిపోతుంది. ఇటుకలు మాత్రం వద్దు.

కుర్చీకి చేతులుండాలి. లేచేటప్పుడు మనిషి బలమంతా చేతుల మీదే పెడతారు. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, గోడకు ఆనించి ఉంచండి. ఎత్తు పెంచాలంటే గట్టి కొబ్బరిపీచు దిండు వేయండి, మెత్తటి దూది దిండు వేస్తే మళ్ళీ కిందికే దిగిపోతారు. మోకాలి ఆపరేషనో తుంటి ఆపరేషనో అయి వచ్చినవాళ్ళయితే సీటు ఎంత ఎత్తు ఉండాలో, ఏ వైపు తిరగకూడదో డాక్టరును అడిగి ఆ ప్రకారమే చేయండి.

వంటిల్లు

అవ్వను వంటింట్లోంచి తప్పించడం ప్రేమ అనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. రోజూ కాసేపు పొయ్యి దగ్గర నిలబడి తాలింపు పెట్టగలగడం ఆమెకు ఎంత ధైర్యమో పక్కనుండి చూస్తే తెలుస్తుంది. వంటింట్లో ఒక కుర్చీ పెట్టండి. ఉప్పు, చింతపండు, కారం, పోపుడబ్బా, రోజూ వాడే గిన్నెలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులోకి తేండి. ఊరగాయ జాడీ నుంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి పెట్టండి. బియ్యం డబ్బా నిండా పోసి అవ్వ చేతికివ్వకండి. స్టీలు గిన్నెలకు రెండు చెవులుండేవి ఎంచండి. బిందె ఎత్తే పని తప్పించడానికి కొళాయి ఉన్న మట్టికుండ తెచ్చి చేతికందే బల్ల మీద పెడితే, ఏప్రిల్ వచ్చేసరికి ఆమె అడక్కుండానే నీళ్ళు తాగుతుంది. సాయంత్రం నీళ్ళు మానేసే అవ్వల విషయంలో, రాత్రి దారి సరిచేయడం, ఈ కుండ పెట్టడం రెండూ కలిపి చేయాలి.

మందులు, ఫోను

చదువు రాని అవ్వకు "ఉదయం, రాత్రి" అని రాసిపెట్టి లాభం లేదు. డబ్బా మీద సూర్యుడి బొమ్మ, అన్నం పళ్ళెం బొమ్మ, చందమామ బొమ్మ అంటించండి. ఆ బొమ్మలు మనవరాలితో గీయిస్తే ఇంకా మంచిది, ఆ డబ్బా చేయి దాటిపోదు. మాత్రలు రేకులోంచి తీసి పోయకండి. కొన్నిటికి గాలి, తేమ తగిలితే పనికిరావు. రేకును ఒక్కో మాత్రకు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చివరిదాకా మిగిలేలా కత్తిరించండి, అంచులు వేలికి కోసుకోకుండా గుండ్రం చేయండి. ఇన్సులిన్ అయితే ఫ్రిజ్‌లో, కానీ గడ్డకట్టే పెట్టెలో కాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం దిగేముందు అంచున కాసేపు కూర్చుని లేవాలి. అందుకే మంచం పక్కన పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఫోనులో మనుషుల ఫోటోలు పెట్టండి, పేర్లు కాదు. బటన్ల ఫోనయితే రెండో అంకె నొక్కి పట్టుకుంటే ఇంటికి, మూడో అంకెకు పక్కింటికి పోయేలా అమర్చండి. 108 నంబరు అరచేయంత అక్షరాలతో గోడ మీద.

మేస్త్రీని, వెల్డరును పిలిచే ముందు

గోడకు రంధ్రం పడకముందే పరీక్ష చేయాలి. పట్టీ వస్తుందనుకున్నచోట సుద్దముక్కతో గీత గీసి రెండు మూడు రోజులు వదిలేయండి. అవ్వ చేయి ఆ గీత మీదే పడుతోందా, కిందా పైనా పడుతోందా చూడండి. రంగు సుద్ద అయితే ఇంకా మేలు, అరచేతికి అంటిందో లేదో తెలిసిపోతుంది. మంచం ఎత్తు కూడా చెక్క ముక్కలతో కొద్ది కొద్దిగా పెంచి, ఆమె "ఇది బాగుంది" అన్నచోట ఆపండి. పక్కనే ఉండి పట్టుకోవడం మర్చిపోకండి.

గోడ ఎలాంటిదో చూసుకోండి. సిమెంటుతో కట్టిన ఇటుక గోడకు యాంకర్ బోల్టులు నిలుస్తాయి. పాత ఇళ్ళలో మట్టితో కట్టిన రాతి గోడలకు నిలవవు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, మనిషి బరువు పడేసరికి మట్టితో సహా ఊడి వస్తుంది. అక్కడ గోడ అవతలి వైపు ఇనుపపట్టీ పెట్టి బోల్టు ఇవతలి నుంచి అవతలికి దించాలి. లేదా నేలలో కాంక్రీటు పోసి నిలువు గొట్టం నాటాలి. బిగించాక మీరే రెండు చేతులతో వేలాడినంత బలంగా లాగి చూడండి. మీ బరువు ఆపితేనే అవ్వ చేయి దాని మీద పడనివ్వండి.

వెల్డరుకు చెప్పేటప్పుడు "ముసలోళ్ళకు ఒక కడ్డీ" అని చెప్పకండి. ఎవరికో, వాళ్ళ చేయి ఎంతదో, ఏ కాలు నొప్పో చెప్పండి. మాకు పట్టీలు చేసే వెల్డరు కొసలను వంచి గోడ వైపు తిప్పడం తనంతట తానే మొదలుపెట్టాడు, కొంగు తగులుకోకుండా. ఎవరి కోసం చేస్తున్నారో తెలిస్తే పనివాళ్ళు మనకు తోచనివి కూడా ఆలోచిస్తారు. ఈ పనిలో నాకు సంతోషాన్నిచ్చే విషయాల్లో ఇదొకటి.

అప్పగించడం

ఒకేరోజు ఇల్లంతా మార్చేస్తే పెద్దవాళ్ళు బెదిరిపోతారు. ఇంటి వస్తువుల చోటు వాళ్ళకు కళ్ళు మూసుకున్నా తెలుసు, ఆ జ్ఞాపకమే వాళ్ళను చాలాసార్లు కాపాడుతుంది. వారానికి ఒక మార్పు చాలు. రంగు, చోటు వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఆస్పత్రిలా తెల్లగా, స్టీలుగా చేయకండి. వద్దంటే ఒప్పుకోండి. కొన్నాళ్ళకు వాళ్ళే అడగొచ్చు, అడక్కపోవచ్చు కూడా. అవ్వ పాత పీట, తాంబూలం పెట్టె, గోడ మీది ఫోటోలు ఎక్కడివక్కడ ఉండాలి.

"పడిపోతావని పెట్టించినాం" అనకండి. ఆ మాట వింటే వాళ్ళకు లేని భయం పుడుతుంది, టెన్షన్‌తో కాళ్ళు ఇంకా తడబడతాయి. "తులసికోట దగ్గరికి నువ్వే పోవచ్చు" అనండి.

కొద్దిరోజుల తర్వాత పోయి చూడండి. పట్టీ మీద టవలు ఆరేసి ఉంటే తిట్టకండి. అక్కడ ఒక కొక్కెం అవసరమని అర్థం, తెచ్చి బిగించండి. స్టూలు మీద బట్టలు పెట్టి ఉంటే ఇంకో బల్ల కావాలి. కమోడ్ కుర్చీ మూలన ఉంటే ఎందుకో మెల్లగా తెలుసుకోండి. తరచుగా సీటు చల్లగా ఉందనో, అంచు కోసుకుపోతోందనో చిన్న కారణమే ఉంటుంది. నా దృష్టిలో అసలైన రూపకల్పన ఈ రెండో రాకలోనే జరుగుతుంది. మొదట పెట్టినవి మన ఊహ, రెండోసారి సరిచేసినవి వాళ్ళ జీవితం. ఆ రెండో రాకలో అవ్వ మనల్ని పట్టించుకోకుండా పట్టీ పట్టుకుని తన పాటికి తాను నడిచి వెళ్ళిపోతుంటే, మనం పెట్టిందన్న సంగతే ఆమెకు గుర్తులేకపోతే, అంతకంటే పెద్ద మెప్పు నాకు వద్దు.

డబ్బు ఇబ్బందయితే

కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరు జిల్లాలో మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న అరవై దాటినవాళ్ళకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలు, కట్టుడుపళ్ళు ఉచితంగా ఇస్తారు. శిబిరాలు పెట్టినప్పుడు ఇస్తారు కాబట్టి ఎప్పుడు పెడతారో మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో కనుక్కుంటూ ఉండాలి. ఇచ్చిన కర్ర, వాకరు మళ్ళీ మీ కొలతకు సరిచేసుకోండి. పెద్దవాళ్ళ సమస్యలకు సలహా కావాలంటే 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఏడాదికి రెండుసార్లు చూడాల్సినవి

వానాకాలానికి ముందొకసారి, ఎండలు ముదరకముందొకసారి ఇల్లంతా తిరగండి. బోల్టులు వదులయ్యాయేమో లాగి చూడండి. గరుకు బండల మీద పాచి పడితే కొబ్బరిపీచుతో రుద్దించండి. మెట్ల మీది పసుపు గీత చెరిగితే మళ్ళీ వేయించండి. సెన్సార్ లైట్లలో బ్యాటరీ మార్చండి. కళ్ళద్దాల నంబరు, కంటిపొర సంగతి డాక్టరుకు చూపించండి. ఈ మధ్యలో అవ్వ ఎత్తు తగ్గి ఉండొచ్చు, కాబట్టి కర్ర మళ్ళీ కొలవండి. కర్ర అడుగున రబ్బరు బూటు గీతలు అరిగి నున్నగా అయితే ఆ రోజే మార్చాలి. మెడికల్ షాపులో దొరుకుతుంది, కర్ర మందం చెప్పి రెండు తెచ్చి ఒకటి ఇంట్లో ఉంచుకోండి.